ఖాకీ తొడుక్కోబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కానిస్టేబుల్‌గా ఎంపికయ్యావని మీ అమ్మ ఫోను చేసింది. సంతోషించాను, కాస్త గుబులూ పడ్డాను. ముప్పై నాలుగేళ్లు ఆ ఖాకీలో గడిపినవాణ్ణి. పరేడ్, తుపాకీ, చట్టం శిక్షణలో నేర్పుతారు. అక్కడ నేర్పనివి రాస్తున్నాను.

దొంగల వెంట పరుగెత్తడమే పోలీసు పని అనుకుని చేరాను. రెండో నెలలోనే చెరువులో శవం తేలిందని పంపారు. ఉబ్బిపోయిన మనిషిని ఒడ్డుకు లాగి, పంచాయతుదారుల (సాక్షులుగా పిలిచిన ఊరివాళ్ల) ఎదుట శవ పంచనామా రాస్తుంటే చొక్కా జేబులో తడిసి అంటుకుపోయిన పిప్పరమెంట్లు రెండు దొరికాయి. వాటినీ రాయాలి, రాశాను. ఆ రాత్రంతా మార్చురీ బయట బల్ల మీద కాపలా ఉన్నాను. మర్నాడు శవాన్ని అప్పగించి అతని తమ్ముడి చేత సంతకం పెట్టించుకున్నాను గానీ, ఆ పిప్పరమెంట్లు ఎవరి కోసమో అడగడానికి నోరు రాలేదు.

చావు కబురు చెప్పే పని నీకూ పడుతుంది. వీలైనంతవరకు ఫోనులో చెప్పకు. చిన్న దెబ్బేనని అబద్ధం ఆడకు, దారి పొడవునా వాళ్లు ఆ మాటనే పట్టుకుని వస్తారు. పక్కింటి పెద్దావిడను తోడు తీసుకుని వెళ్లు. కూర్చోబెట్టి, ఉన్నమాట చెప్పు. చెప్పిన వెంటనే లేచి వచ్చేయకు.

పండుగలు ఇక బందోబస్తు రోజులే. మేడారం జాతరలో మన వాళ్లు మొక్కులు తీర్చుకుంటుంటే నువ్వు తాడు పట్టుకుని జనాన్ని ఆపుతుంటావు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో పోలీసులకు వారానికో సెలవు అన్నప్పుడు ఎంతో సంబరపడ్డాను. కానీ చాలినంత సిబ్బంది లేని స్టేషన్‌లో సెలవు అడగడానికే మొహమాటం అడ్డొస్తుంది. అయినా అడుగు. టీ, బిస్కెట్లతో రోజులు నెట్టకు. షుగరు, బీపీ నాతో పనిచేసిన వాళ్లలో చాలామందిని నలభై దాటకముందే పట్టుకున్నాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇది. చేయి చేసుకోకు. సైకిల్ పోయిందని ఫిర్యాదు వస్తే, అనుమానంతో తెచ్చిన పదహారేళ్ల కుర్రాణ్ణి నేను చెంప మీద కొట్టాను. సాయంత్రానికి ఆ సైకిల్ యజమాని బావమరిది ఇంట్లోనే ఉందని తేలింది. కుర్రాణ్ణి పంపేశాం. క్షమించమని ఒక్క మాట అనలేదు. తర్వాత అతను అదే ఊళ్లో టైలరింగ్ దుకాణం పెట్టాడు. బదిలీ అయ్యేదాకా ఆ వీధిలో నడవలేకపోయాను.

పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో నేరానికి రుజువు కాదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందుంచాలి. 2024 జులై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చినా ఈ రెండూ మారలేదు. ఒకరోజు పై అధికారి, ‘వాణ్ణి ఇంకో రోజు ఉంచు, ఎక్కడా రాయకు’ అంటాడు. అప్పుడు గొడవపడకుండా, ‘జనరల్ డైరీలో ఎలా రాయమంటారు సార్?’ అని వినయంగా అడుగు. స్టేషన్‌లో జరిగేదంతా నమోదు చేసే పుస్తకం అది, అందుకే ఆ ప్రశ్నతోనే చాలాసార్లు మాట వెనక్కి పోతుంది. పోకపోతే మెమో వస్తుంది, బదిలీ వస్తుంది. నాకు రెండూ వచ్చాయి. వాటితో బతకవచ్చు.

శిక్షణకు వెళ్లే ముందు ఒకసారి ఇంటికి రా, అత్తయ్య చూడాలంటోంది. బూట్లు కొంటే సాయంత్రం పూట కొను. రోజంతా నిలబడ్డాక పాదాలు ఉబ్బుతాయి, పొద్దున సరిపోయినవి అప్పుడు కరుస్తాయి.

మీ మామయ్య