అడూర్ గోపాలకృష్ణన్ సినిమాలు ఎక్కడ మొదలుపెట్టాలి?

మలయాళ దర్శకుడు అడూర్ 1941లో కేరళలో పుట్టారు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివి, 1965లో తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టినవారిలో ముఖ్యులు. తొలి చిత్రం ‘స్వయంవరం’ (1972)కి ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటి జాతీయ అవార్డులు వచ్చాయి. ఆ నటి మన తెనాలి శారదే.

మీరు మాత్రం ‘ఎలిప్పత్తాయం’ (1981; అంటే ఎలుకల బోను)తో మొదలుపెట్టండి. శారద ఇందులోనూ ఉన్నారు. ఇది అడూర్ తొలి రంగుల చిత్రం కదా, బట్టల రంగులు గమనించండి: అన్నకు చాకిరీ చేసే రాజమ్మకు నీలం, ఎదురుతిరిగే చిన్న చెల్లెలు శ్రీదేవికి ఎరుపు. అన్న ఉణ్ణి దారిలో బురదనీళ్లు చూసి, దాటలేక ఇంటికి తిరిగొచ్చేస్తాడు. పాత భూస్వామ్య కుటుంబం ఎంత చేవ చచ్చిపోయిందో చెప్పడానికి ఆ ఒక్క సన్నివేశం చాలు. మాటలు తక్కువ, నడక నిదానం. ముందుకు జరిపి చూస్తే ఏమీ అందదు. దీనికి 1982లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ సదర్లాండ్ ట్రోఫీ దక్కింది. అడూర్‌కు 2004 సంవత్సరపు ఫాల్కే పురస్కారం ఇచ్చారు.