వాహన సందేహాలు: ఉన్న ఒక్క తాళం చెవీ పోతే

ప్రశ్న: మాది నెల్లూరులోని వేదాయపాళెం. నేను ఉపాధ్యాయినిని. ఈసారి రొట్టెల పండుగకు కుటుంబమంతా బారాషహీద్ దర్గాకు వెళ్లాము. మా వారు చదువు రొట్టె అందుకోవడానికి స్వర్ణాల చెరువులోకి దిగినప్పుడు చొక్కా జేబులోని కారు తాళం చెవి నీళ్లలో జారిపోయింది. ఆ జనంలో వెతకడం కుదరలేదు. కారుతో పాటు వచ్చిన రెండో తాళం చెవి నాలుగేళ్ల కిందట ఇల్లు మారినప్పుడే కనిపించకుండా పోయింది. దర్గా దగ్గర బంధువుల ఇంటి ముందు నిలిపిన కారు వారం రోజులుగా అక్కడే ఉంది. షోరూములో అడిగితే కారును టోయింగ్ బండి మీద తెమ్మన్నారు, తాళం చెవి తెప్పించడానికి రెండు వారాలు పట్టవచ్చని కూడా చెప్పారు. కారున్న చోటికే వచ్చి గంటలో తాళం చేసి ఇచ్చే కీ మేకర్ ఉన్నాడని మా సహోద్యోగి అంటున్నారు. అసలు తాళమే లేకుండా కొత్త తాళం చేయగలిగినవాడు రేపు ఎవరి కారునైనా తీసుకుపోగలడు కదా అని నా భయం. ఏం చేయమంటారు?

జవాబు: మీ భయం అర్థం లేనిది కాదు, దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీరు పోగొట్టుకున్నది ఏమిటో చూద్దాం. మన వైపు పెద్దవాళ్లు బీగం చెవి అని పిలిచేది గాట్లు పెట్టిన లోహపు పలక మాత్రమే కాబట్టి, బజారులో గొడుగు కింద ఆకురాయి పెట్టుకుని కూర్చున్న మనిషి దానికి పది నిమిషాల్లో జత చేసి ఇచ్చేవాడు. మీ కారు తాళం చెవిలో మాత్రం మూడు వస్తువులు ఒకే ప్లాస్టిక్ పెట్టెలో కాపురం ఉంటాయి. తలుపునూ స్టీరింగునూ తెరిచేది పలక. దూరం నుంచి తలుపులు తెరిచేది రిమోటు, ఇది 433 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో పనిచేస్తుంది, దీనికి బిళ్ల బ్యాటరీ కావాలి. మూడోది బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన చిప్పు, దీనికి బ్యాటరీ అక్కర్లేదు. స్టీరింగు పక్కన మనం తాళం దూర్చే రంధ్రం చుట్టూ ఒక రాగితీగ చుట్ట ఉంటుంది. తాళం తిప్పగానే ఆ చుట్ట 125 కిలోహెర్ట్జ్ ప్రాంతపు తరంగాలతో చిప్పుకు శక్తిని అందిస్తుంది, చిప్పు తన గుర్తింపును తిరిగి పంపుతుంది, కారులోని కంప్యూటరు ఆ గుర్తింపు తన పద్దులో ఉందో లేదో చూసుకుంటుంది. పద్దులో లేకపోతే ఇంజను అంటుకోదు, లేదా అంటుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఈ ఏర్పాటును ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి కార్లలో దీనికే ఐ-క్యాట్స్ అని పేరు.

కాబట్టి ఇంటికి వచ్చే కీ మేకర్ చేసే పనిలో రెండు భాగాలుంటాయి. మొదటిది పలకను కోయడం. తాళం లేనప్పుడు అతను డ్రైవరు వైపు తలుపు రంధ్రంలోకి అంకెలు చెక్కిన సన్నని పరికరాన్ని దూర్చి, లోపల వరుసగా ఉండే చిన్న ఇత్తడి రేకులు ఒక్కొక్కటీ ఎంత ఎత్తులో ఉన్నాయో వేలి కొనతో తడిమినట్టు చదువుకుంటూ, ఆ అంకెలను కాగితం మీద రాసుకుంటాడు. ఒంగోలులో ఒకసారి నేను పక్కనే నిలబడి చూశాను. ఆ మేస్త్రి ఒక రేకు దగ్గర మూడా, నాలుగా అని తేలక మూడుసార్లు వెనక్కి వచ్చి మళ్లీ చదివాడు, అంతసేపూ ఎవరినీ మాట్లాడనివ్వలేదు. ఆ అంకెలను వ్యానులోని కోత యంత్రంలో ఎక్కించి ముందుగా చిప్పు లేని మామూలు పలకను కోసి, తలుపూ స్టీరింగూ రెండూ నునుపుగా తిరిగాకే అసలు తాళం చెవిని కోశాడు. పని తెలిసినవాడి గుర్తు అదే. కారు కొన్నప్పుడు తాళం చెవుల గుత్తికి అంకెలు వేసిన చిన్న బిళ్ల ఒకటి తగిలించి ఇస్తారు. అది మీ బీరువాలో ఎక్కడైనా దొరికితే ఈ తడుముడు అక్కర్లేదు, ఆ అంకెను బట్టే పలకను కోయవచ్చు. అందుకని ముందు బీరువా వెతకండి.

రెండో భాగం కొత్త చిప్పును కారు పద్దులో ఎక్కించడం. స్టీరింగు కింద, మోకాళ్లకు ఎదురుగా, పదహారు పిన్నులున్న ఓబీడీ అనే సాకెట్టు ఉంటుంది. కీ మేకర్ తన యంత్రాన్ని అక్కడ తగిలించి, కొత్తగా కోసిన తాళంతో ఇగ్నిషన్ ఆన్ చేసి, కారు కంప్యూటరుతో మాట్లాడతాడు. ఒక తాళం చెవి చేతిలో ఉండగా రెండోది కలపడం సులువు. అన్నీ పోయినప్పుడు మాత్రం కారు తయారీ సంస్థ పెట్టిన రహస్య సంఖ్యను కంప్యూటరు నుంచి చదివితే తప్ప పద్దు తెరుచుకోదు. కొన్ని మోడళ్లలో అది సాకెట్టు ద్వారానే వస్తుంది, కొన్నింటిలో కంప్యూటరు పెట్టెను విప్పి లోపలి మెమరీని చదవవలసి వస్తుంది. ఈ రెండో పద్ధతి అవసరమైన కారైతే నా సలహా రెండు వారాలు ఆగి షోరూముకే ఇవ్వమని. ఎండలో, రోడ్డు పక్కన కంప్యూటరు పెట్టెను విప్పించుకోవడం నాకు ఇష్టం లేదు. మీ కారు వారం రోజులుగా కదలలేదన్నారు కనుక బ్యాటరీని తప్పక చూడమనండి. నిండుగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉంటుంది. పద్దు రాస్తున్న సమయంలో వోల్టేజి పడిపోతే రాత సగంలో ఆగి, తాళం సంగతి అటుంచి కంప్యూటరే మొరాయించే ప్రమాదం ఉంది. జాగ్రత్తపరుడైన మేస్త్రి చార్జరు తగిలించాకే పని మొదలుపెడతాడు.

పని ముగిశాక మీరు అడిగి చూడవలసినది ఒకటుంది. పద్దులో ఎన్ని తాళం చెవులు నమోదై ఉన్నాయో చాలా యంత్రాల తెర మీద కనిపిస్తుంది. చెరువులో పడినదీ, ఇల్లు మారినప్పుడు పోయినదీ రెండూ కొట్టివేయించి, కొత్తవి మాత్రమే మిగిలేలా చేయించండి. ఎలాగూ అంత పని జరుగుతోంది కనుక ఒకటి కాక రెండు తాళం చెవులు అప్పుడే చేయించుకుంటే, రెండోదానికి పలక, చిప్పుల ఖర్చే తప్ప పెద్దగా అదనపు శ్రమ ఉండదు. అయితే పద్దులో కొట్టివేసినంత మాత్రాన పాత పలక తలుపు తెరవడం మానదు. దానితో ఇంజను అంటుకోదు, తలుపు మాత్రం తెరుచుకుంటుంది. చెరువులో పడినదాని గురించి బెంగ అక్కర్లేదు గానీ ఇల్లు మారినప్పుడు పోయినది ఎవరి చేతిలో ఉందో తెలియదు కనుక, కారులో విలువైనవి ఉంచే అలవాటుంటే తలుపు తాళంలోని రేకుల వరుసను మార్పించడం మంచిది.

ఇక మీ భయం సంగతి. అవును, ఇదే పరికరం దొంగ చేతిలోనూ పనిచేస్తుంది. అందుకే నిజాయితీ గల కీ మేకర్ పనిలో చేయి పెట్టకముందే ఆర్సీ, యజమాని గుర్తింపు కార్డు అడిగి ఫొటో తీసుకుంటాడు. ఆర్సీ కాగితం కారులోనే చిక్కుకుపోయి ఉంటే డిజిలాకర్ లేదా ఎంపరివాహన్ లోని ఆర్సీ చూపించండి, 2018 నుంచి దానికి అసలు కాగితంతో సమానమైన గుర్తింపు ఉంది. ఏదీ అడగకుండా పని మొదలుపెట్టేవాడిని వెనక్కి పంపేయండి, మిమ్మల్ని అడగనివాడు ఇంకెవరినీ అడగడు. అద్దెకైనా సరే ఒక దుకాణం, రసీదు పుస్తకం ఉన్నవాడినే పిలవండి. ఫోనులోనే కారు మోడలు, తయారైన సంవత్సరం, ఛాసిస్ నంబరు చెప్పి, పలకకు, చిప్పుకు, ప్రోగ్రామింగుకు, రానుపోను ఖర్చుకు వేరువేరుగా ఎంతో వాట్సాప్‌లో రాయించుకోండి. సరైన చిప్పు లేకుండా వచ్చి, దారి ఖర్చు మాత్రం వసూలు చేసుకుని వెళ్లిన సందర్భాలు నాకు తెలుసు.

ప్రశ్న: అయ్యా, అల్లూరు దగ్గర మాకు రొయ్యల గుంటలు ఉన్నాయి. మేత వేస్తుండగా కారు తాళం చెవి గుంటలో పడింది, వెంటనే తీశాను. ఇప్పుడు రిమోటు పనిచేయడం లేదు, ఇంజను మాత్రం అంటుకుంటోంది. కొత్త తాళం చేయించాలా?

జవాబు: ఇంజను అంటుకుంటోందంటే చిప్పు క్షేమంగా ఉన్నట్టే. చెడింది రిమోటు బోర్డు మాత్రమే. బ్యాటరీ లోపల ఉండగా ఉప్పునీరు తగిలితే రాగి గీతలు గంటల్లోనే పచ్చబడి తెగిపోతాయి కనుక, ఇంకా తీయకపోతే ఈ అక్షరాలు చదివిన వెంటనే బిళ్ల బ్యాటరీని తీసేయండి. పెట్టెను విప్పి, చిప్పు విడిగా ఉంటే దాన్ని పోగొట్టకుండా పక్కన భద్రపరిచి, లోపలి బోర్డును డిస్టిల్డ్ వాటరుతో కడిగి, మెత్తని బ్రష్షుతో ఐసోప్రొపైల్ ఆల్కహాలు పూసి, నీడలో ఒక రోజు ఆరనివ్వండి. బియ్యం డబ్బాలో పెట్టమని ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. మొలగొలుకులైనా సరే, బియ్యం ఉప్పును పీల్చుకోవు. ఆరాక కొత్త బ్యాటరీ వేసినా పలకకపోతే రిమోటు బోర్డును మాత్రమే మార్పించి, పాత పలకనూ పాత చిప్పునూ కొత్త పెట్టెలోకి మార్పించుకోవచ్చు. పూర్తి తాళం చెవి ధర అడిగితే ఒప్పుకోకండి.

ప్రశ్న: ఒంగోలు కర్నూలు రోడ్డులో ఉంటాను. ఇటీవల పాత కారు కొన్నాను. అమ్మిన వ్యక్తి ఒకే తాళం చెవి ఇచ్చి రెండోది పోయిందన్నాడు. తక్కువ ధరకు చేస్తామన్న ఒకరి దగ్గర నకలు చేయించాను. ఇప్పుడు చిప్పు లేని మామూలు ఇనుప తాళంతో కూడా కారు స్టార్టవుతోంది. ఇది లాభమా, నష్టమా?

జవాబు: నష్టమే, అది కూడా చిన్నది కాదు. మీరు చెప్పినదాన్ని బట్టి, స్టీరింగు కింది ప్లాస్టిక్ తొడుగు విప్పి, రాగితీగ చుట్ట పక్కనే ఒక చిప్పును టేపుతోనో జిగురుతోనో శాశ్వతంగా అతికించేసి ఉంటారు. అప్పుడు కారు ప్రతిసారీ ఆ చిప్పునే చూసి తృప్తిపడుతుంది కనుక ఏ ఇనుప పలక తిప్పినా ఇంజను అంటుకుంటుంది. కారు తయారీదారు పెట్టిన కాపలాదారుకు నిద్రమాత్ర వేసినట్టే ఇది. నేను విప్పించిన ఒక కారులో ఆ చిప్పు నల్ల ఇన్సులేషన్ టేపు కింద, స్పీకరు తీగల మధ్య, చూస్తే మురికి అనుకునేంత చిన్నగా కనిపించింది. తొడుగు విప్పించి చిప్పును తీయించి, సరైన చిప్పుతో కొత్త తాళం చెవిని పద్దులో నమోదు చేయించుకోండి.

నకలు అనే మాటలోనూ ఒక మెలిక ఉంది. పాత చిప్పు గుర్తింపునే కొత్త చిప్పులోకి దింపితే అది నకలు, కారుకు ఆ రెండూ ఒకటే. కొత్త చిప్పుకు కొత్త గుర్తింపు ఇచ్చి పద్దులో చేరిస్తే అది నమోదు. నకలులో రెండింటికీ ఒకే గుర్తింపు కనుక, ఒకటి పోతే దాన్ని మాత్రమే కొట్టివేయడం కుదరదు. పాత కారు కొన్న మీలాంటివారికి నమోదే కావాలి, ఎందుకంటే ఆ రెండో తాళం చెవి నిజంగా పోయిందో, అమ్మినవారి బావమరిది జేబులో ఉందో మనకు తెలియదు. చాలా కార్లలో పద్దును తుడిచి మళ్లీ రాసేటప్పుడు ఆ సమయంలో ఎదురుగా ఉన్న తాళం చెవులే మిగులుతాయి. కనుక ఇంట్లో ఉన్నవన్నీ ఆ రోజు దగ్గర పెట్టుకోండి.

బీమా కోణమూ ఉంది. కారు దొంగతనానికి గురైతే బీమా సంస్థలు సాధారణంగా అసలు తాళం చెవులు రెండూ అప్పగించమంటాయి. రెండోది ఎందుకు లేదో చెప్పలేకపోతే క్లెయిము చిక్కులో పడుతుంది. అమ్మిన వ్యక్తి నుంచి, కారుతో ఒకే తాళం చెవి ఇచ్చానని సంతకంతో ఒక కాగితం రాయించుకోండి. కొత్తగా చేయించిన తాళం చెవి రసీదును ఆర్సీ నకలుతో కలిపి దాచండి. తాళం చెవి పోతే ఖర్చు తిరిగి ఇచ్చే అదనపు రక్షణను చాలా బీమా సంస్థలు అమ్ముతున్నాయి, మామూలు పాలసీలో సాధారణంగా అది ఉండదు. మీకు అది ఉంటే పని చేయించకముందే బీమా వారికి తెలియజేయాలి, పోలీసు ఫిర్యాదు నకలు కూడా అడగవచ్చు.

ప్రశ్న: కావలి నుంచి ఒంగోలు వెళ్తూ హైవే మీద టీ తాగడానికి ఆగాను. తిరిగి వచ్చాక నా పుష్ బటన్ కారు తాళం కనిపించడం లేదని తెర మీద చూపించింది. తాళం నా జేబులోనే ఉంది. మెకానిక్ వచ్చేదాకా రెండు గంటలు ఆగాను. ముందే తెలిస్తే ఏం చేసి ఉండాల్సింది?

జవాబు: రిమోటులోని బిళ్ల బ్యాటరీ అయిపోయి ఉంటుంది. అలాంటి తాళం పెట్టెను స్టార్ట్ బటన్‌కు ఆనించి పట్టుకుని, బ్రేకు తొక్కి, అదే పెట్టెతో బటన్‌ను నొక్కితే చాలా కార్లు అంటుకుంటాయి, ఎందుకంటే బ్యాటరీ అక్కర్లేని చిప్పు ఒకటి అందులోనూ ఉంటుంది. కొన్ని మోడళ్లలో దాన్ని ఆనించే చోటు వేరుగా ఉంటుంది, మీ కారు పుస్తకంలో బొమ్మతో సహా చూపిస్తారు. తలుపు తెరవడానికి ఆ పెట్టె లోపలే చిన్న లోహపు తాళం దాగి ఉంటుంది, పక్కనున్న మీటను నొక్కి లాగితే బయటికి వస్తుంది. బ్యాటరీ చాలా కార్లలో సీఆర్2032 రకం. పాతదాని మీద ఉన్న సంఖ్యను చూసి అదే కొనండి, ఒకటి అదనంగా పర్సులో పెట్టుకోండి. కారు డ్యాష్‌బోర్డు ఎండకు కాలిపోతుంది కనుక అక్కడ మాత్రం పెట్టకండి.