ఆ 240 అన్నిటికీ పనికిరాదు

చెల్లెమ్మకు,

నువ్వు పంపిన కేక్ వ్యాసం చదివాను. తయారీ భాగం చాలా బాగా రాశావు, పక్కన నిలబడి చూస్తున్నట్టే ఉంది. కొలతల దగ్గరే ఆగిపోయాను. కప్పుల్లో ఉన్న వంటకాన్ని గ్రాముల్లోకి మారుస్తూ, మైదాకీ, చక్కెరకీ, నూనెకీ, తేనెకీ కప్పుకి 240 గ్రాములని ఒకటే లెక్క వేశావు. నీ మాట నమ్మి చేసేవాళ్లకి పిండి దాదాపు రెట్టింపు పడుతుంది. వాళ్ల సరుకూ, శ్రమా వృథా అవుతాయి. అందుకే ఈ ఉత్తరం.

ఆ 240 నీళ్లకి సరిపోతుంది, ఎందుకంటే మిల్లీలీటరు నీళ్లు ఇంచుమించు ఒక గ్రాము తూగుతాయి. అదే కప్పులో చక్కెర 200 గ్రాములు, నూనె 220, తేనె 340 దాకా ఉంటాయి. మైదా 120 మాత్రమే. కప్పు చెప్పేది ఎంత చోటు పట్టిందన్నది. ఆ చోటులో ఎంత బరువుందో పదార్థాన్ని బట్టి మారుతుంది.

పిండితో ఇంకో చిక్కు ఉంది. దాని రేణువుల మధ్య గాలి ఉంటుంది. చెంచాతో మెల్లగా కప్పులో వేసి, పైన సమంగా గీస్తే 120 గ్రాముల దగ్గర ఉంటుంది. కప్పునే డబ్బాలో ముంచి తీస్తే పిండి అణిగి 140, ఒక్కోసారి 150 కూడా వస్తుంది. ఒక పట్టికలో 120, ఇంకోదాంట్లో 140 కనిపిస్తే ఏది తప్పో అని టెన్షన్ పడకు. ఎలా నింపారో ఆ తేడా అది. నువ్వు మార్చే వంటకం రాసినవాళ్లు కప్పు ఎలా నింపారో ముందు వెతుకు. ఎక్కడా చెప్పకపోతే, చెంచాతో నింపి నాలుగైదుసార్లు తూచి, సగటు తీసి, ఆ తూకంతో ఒకసారి వండి చూడు. సరిగ్గా వస్తేనే ఆ అంకె రాయి. వండి చూడని అంకెని పాఠకులకి ఇవ్వడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

కప్పు ఏ దేశానిదో కూడా చూసుకో. అమెరికా కప్పు సుమారు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200. బియ్యం కొలవడానికి రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు చాలావరకు 180. టేబుల్‌స్పూన్ సాధారణంగా 15 మిల్లీలీటర్లే కానీ ఆస్ట్రేలియాలో 20.

మాటల వరుస కూడా బరువుని మార్చేస్తుంది. "జల్లించిన పిండి ఒక కప్పు" అంటే ముందు జల్లించి తర్వాత కొలవాలి. "ఒక కప్పు పిండి, జల్లించుకోవాలి" అంటే కొలిచాక జల్లించాలి. మొదటిదాంట్లో పిండి తక్కువ పడుతుంది. గ్రాముల్లో రాస్తే ఈ గొడవే ఉండదు, జల్లించినా 120 గ్రాములు 120 గ్రాములే. తరిగిన గింజలకీ ఇదే వర్తిస్తుంది.

ఉప్పు దగ్గర మరీ జాగ్రత్త. మెత్తటి ఉప్పు టీస్పూన్‌కి 6 గ్రాములుంటే, పలుచటి పొరల్లా ఉండే కొన్ని రకాల ఉప్పు 3 గ్రాములే ఉంటుంది. ఏ ఉప్పో తప్పకుండా రాయి. ఉప్పు, ఈస్ట్ లాంటివి గ్రాములో పదో వంతు చూపించే చిన్న కాటా మీద తూచు. మామూలు కిచెన్ స్కేల్ ఒకటి రెండు గ్రాముల దగ్గర నమ్మదగింది కాదు.

పిండి 118.3 గ్రాములని రాయకు. కప్పు కొలతకి అంత ఖచ్చితత్వం లేదు, 120 అను చాలు. కప్పుల్ని పూర్తిగా తీసెయ్యమనీ అనను. కాటా లేనివాళ్లూ వండుతారు కదా, గ్రాములు ముందు రాసి పక్కనే కప్పులూ ఇవ్వు.

వ్యాసం సరిచేసి పంపేటప్పుడు, నువ్వు తూచి రాసుకున్న అంకెల కాగితం కూడా జతచెయ్యి. ఏ కప్పు వాడావో, ఎలా నింపావో పైన రాయి. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తాను.

ప్రేమతో,
అక్క