బెంగళూరులో జీతం కన్నా ముందు ఇంటి అడ్వాన్స్ లెక్క చూసుకోండి

హైదరాబాద్‌లో 60 వేలు వస్తున్నాయి, బెంగళూరులో 80 వేలు ఇస్తామంటున్నారు, వెళ్ళొచ్చా అని అడిగారు. ఆ 20 వేల సంగతి తర్వాత. చేతిలో రెండు లక్షలు ఉన్నాయా?

2018లో నేను హైదరాబాద్ కూకట్‌పల్లి నుంచి బెంగళూరు మారతహళ్ళి వెళ్ళాను. 45 వేల జీతం 62 వేలయిందని ఇంట్లో అందరం సంబరపడ్డాం. కూకట్‌పల్లిలో అద్దె 12 వేలు, అడ్వాన్స్ రెండు నెలలది. మారతహళ్ళిలో ఇల్లు చూపించిన ఓనరు కోలారు వైపు పెద్దాయన, తెలుగు చక్కగా మాట్లాడతారు. "అద్దె 22 వేలు బాబూ, అడ్వాన్స్ పది నెలలది" అన్నారు. వారం తిరిగాను. ఎక్కడా అంతే. చివరికి మా ఆవిడ గాజులు తీసిచ్చింది, పెళ్ళికి వాళ్ళమ్మ పెట్టినవి. బ్యాంకులో కుదువపెట్టి 2 లక్షల 20 వేలు కట్టాను. ఆ రాత్రి సామాను దిగని ఇంట్లో, చాప మీద కూర్చుని తను ఉత్త చేతులు నిమురుకోవడం నాకింకా కళ్ళ ముందే ఉంది.

వడ్డీ నెలకు 1,650. రెండేళ్ళకు ఖాళీ చేస్తే పెయింటింగ్ కింద ఒక నెల అద్దె పట్టుకున్నారు. గోడకు ఒక్క మేకు కొట్టలేదు మేము! అగ్రిమెంట్‌లో ఉందన్నారు, నిజమే, ఉంది. నెలలకు పంచితే అదో 900. అంటే 22 వేల ఇల్లు నాకు 24,500 పైనే పడింది. పెరిగిన 17 వేలల్లో 12,500 ఇంటికే పోయింది.

బండి సంగతీ అంతే. ఏడాది దాటి అక్కడే ఉంటే నంబరు మార్చుకోవాలి, హైదరాబాద్‌లో కట్టిన లైఫ్ ట్యాక్స్ కర్ణాటకకూ మళ్ళీ కట్టాలి. ఒకే దేశంలో ఒకే బండికి రెండుసార్లు పన్నేమిటో నాకు ఇప్పటికీ మింగుడుపడదు. బోరు నీళ్ళ మీద నడిచే అపార్ట్‌మెంట్ అయితే ఎండాకాలం ట్యాంకర్ డబ్బులు ఎవరివో ముందే అడగండి. 2024 ఎండల్లో అక్కడి మా స్నేహితులు మెయింటెనెన్స్ కన్నా నీళ్ళకే ఎక్కువ కట్టారు.

కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం ఇళ్ళకు రెండు నెలల అడ్వాన్స్ మించొద్దంటుంది. కానీ రాష్ట్రం చట్టం చేసుకుంటేనే అది అమలయ్యేది. దాన్ని నమ్ముకుని ఓనరుతో వాదించకండి. ఇప్పుడు ఐదారు నెలలకు ఒప్పుకునేవాళ్ళూ ఉన్నారు, బేరమాడండి.

అడ్వాన్స్‌కు సరిపడా జాయినింగ్ బోనస్ ఇమ్మని కంపెనీనే అడగండి. ఆఫర్ లెటర్ మీద సంతకం పెట్టకముందే అడగాలి. నేను పెట్టాక అడిగాను, కుదరదన్నారు.