పంపర పనస రసం, కొలెస్ట్రాల్ గోలీ

ప్రశ్న: మా నాయినకు 62 ఏండ్లు. బీపీకి టెల్మిసార్టాన్ 40, కొలెస్ట్రాల్‌కు అటార్వాస్టాటిన్ 20 వాడుతడు. కొవ్వు కరుగుతదని ఎవరో చెప్తే పొద్దున బత్తాయి రసం, రాత్రి పంపర పనస రసం తాగుతూ, చేదు నారింజ తొక్కల పొడి కషాయం కూడా తీసుకుంటున్నడు. ఈ మధ్య తొడలు, పిక్కలు గుంజుతున్నయి. అమ్మ ఐరన్ గోలీ నిమ్మరసంతో వేసుకుంటది. అన్నీ ఆపాలా?
– ఒక పాఠకుడు, నకిరేకల్

జవాబు: పంపర పనస రసం, చేదు నారింజ తొక్కల పొడి ఈ రోజే ఆపించండి. అటార్వాస్టాటిన్‌లో కొంత భాగాన్ని పేగు గోడలోని ఒక ఎంజైమ్ రక్తంలోకి చేరకముందే విరిచేస్తుంది. ఈ రెండింటిలోని ఫ్యూరనోకూమరిన్లు అనే పదార్థాలు ఆ ఎంజైమ్‌ను పనికిరాకుండా చేస్తాయి. అప్పుడు వేసుకున్నది అదే 20 మి.గ్రా. అయినా రక్తంలో మందు మోతాదు పెరుగుతుంది, కండరాలు దెబ్బతినే ప్రమాదం కూడా పెరుగుతుంది. కొత్త ఎంజైమ్ తయారవడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది కాబట్టి రసం పొద్దున, గోలీ రాత్రి అని వేళలు మార్చినా లాభం లేదు. కొలెస్ట్రాల్‌కే వాడే సిమ్వాస్టాటిన్, బీపీకి వాడే ఫెలోడిపిన్‌లతో ఈ ప్రభావం ఇంకా ఎక్కువ. బీపీ మందు నిఫెడిపిన్‌తోనూ ఉంటుంది. మరో కొలెస్ట్రాల్ మందు రోసువాస్టాటిన్‌కు ఈ ఇబ్బంది లేదు.

కండరాల నొప్పి రసం లేకపోయినా అటార్వాస్టాటిన్ గోలీ వల్లే రావచ్చు. అందుకే డాక్టరుకు వెంటనే చెప్పి కండరాలు దెబ్బతిన్నాయేమో తెలిపే సీపీకే రక్తపరీక్ష చేయించండి. తొక్కల పొడి పొట్లం కూడా చూపించండి. మూత్రం డికాషన్ రంగులో వచ్చినా, కూర్చుని లేవలేకపోయినా తరువాతి అటార్వాస్టాటిన్ వేయకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. బీపీ గోలీ మాత్రం సొంతంగా మానొద్దు.

మన నల్లగొండ బత్తాయి సంగతి వేరు. అందులో ఫ్యూరనోకూమరిన్లు లెక్కలోకి రానంత తక్కువ. అయితే టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం పెంచుతుంది, గ్లాసు రసంలో అది సుమారు 450 మి.గ్రా. ఉంటుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపేది) ఎక్కువున్నవారు, కిడ్నీ జబ్బున్నవారు పొటాషియం పరీక్ష చూపించాకే తాగాలి. షుగరుంటే రసం బదులు కాయ ఒలుచుకుని తినడం మేలు. అలర్జీకి వాడే ఫెక్సోఫెనడిన్, బీపీకి వాడే అటెనోలాల్ మాత్రం బత్తాయి రసంతో మింగితే ఒంటికి సరిగ్గా పట్టవు. వాటిని నీళ్లతోనే వేసుకోవాలి.

అమ్మ నిమ్మరసం మానక్కర్లేదు. అందులోని సి విటమిన్ వల్ల ఐరన్ బాగా పడుతుంది. గోలీకి గంట ముందు, రెండు గంటల తరువాత వరకు చాయ్ తాగకుండా చూడండి.