గార్డు విప్పింది ఎవరు? – కర్మాగార భద్రతపై పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: హైదరాబాద్ బాలానగర్‌లోని లోహపు రేకులను ఒత్తి మలిచే ఒక చిన్న ప్రెస్ షాపులో నేను ఆపరేటర్‌ని. మాకు పీసు లెక్కన కూలి ఇస్తారు. చేతులు యంత్రంలో పడకుండా అడ్డుకునే గార్డు ఉంటే పని నిదానమవుతుందని ఏడాది క్రితమే దానిని విప్పి గోడకు ఆనించారు. ఇటీవల నా తోటి కార్మికుడి రెండు వేళ్లు డై (అచ్చు) కింద పడి తెగిపోయాయి. గార్డు లేకుండా నడపడం అతని తప్పేనని, పరిహారం రాదని యాజమాన్యం అంటోంది. ఇది నిజమేనా?

జవాబు: ఆ మాట పూర్తిగా కల్పితం కాదు కాబట్టే దానిని జాగ్రత్తగా పరిశీలించాలి. 1923 నాటి పరిహార చట్టంలోనూ, దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఒక మినహాయింపు ఉంది. తన రక్షణ కోసం పెట్టిన సాధనమని తెలిసి కూడా కార్మికుడు దానిని బుద్ధిపూర్వకంగా తొలగించి గాయపడితే, యజమాని పరిహారం చెల్లించనక్కరలేదు. ప్రాణం పోయినప్పుడు గానీ, శాశ్వతంగా ఏ పనీ చేయలేని స్థితి ఏర్పడినప్పుడు గానీ ఈ మినహాయింపు చెల్లదు. వేళ్లు పోవడం పాక్షిక వైకల్యం కిందికి వస్తుంది కనుక, సరిగ్గా ఇటువంటి సందర్భాలలోనే యజమానులు దీనిని ముందుకు తెస్తుంటారు.

అయితే కార్మికుడు బుద్ధిపూర్వకంగా చేశాడని రుజువు చేయవలసింది ఆ వాదన తెచ్చినవారే. ఏడాదిగా గార్డు గోడకు ఆని ఉండగా, షిఫ్ట్ ఇన్‌చార్జి రోజూ దాని ముందు నుంచే నడిచి వెళ్తూ, గార్డు లేని ప్రెస్ మీద వచ్చిన పీసులనే లెక్క రాసుకుంటూ ఉన్నప్పుడు, దానిని ఒక్క కార్మికుడి మొండితనంగా చూపడం తేలిక కాదు. గార్డు ఎప్పుడు, ఎవరి ఆదేశంతో విప్పారో తెలిసిన తోటివారి వాంగ్మూలాలు ఇప్పుడే రాయించి పెట్టుకోండి. మీ మిత్రుడు ఈఎస్ఐ పరిధిలో ఉంటే ప్రయోజనం అక్కడి నుంచే రావాలి. యజమాని వ్యాపారం కోసం చేస్తున్న పనిలో ఏదైనా నిబంధనను అతిక్రమించినా, ఆ ప్రమాదాన్ని ఉద్యోగంలో జరిగినదిగానే పరిగణించాలని, 2025 నవంబరు 21 వరకు అమలులో ఉన్న ఈఎస్ఐ చట్టం ఎప్పటి నుంచో చెబుతూ వచ్చింది.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి. చిన్న షాపులలో కనిపించే పాత ప్రెస్‌లలో చాలావాటికి కీ క్లచ్ ఉంటుంది. పెడల్ తొక్కిన తరువాత ర్యామ్ (పై నుంచి దిగి ఒత్తే భాగం) ఒక చుట్టు పూర్తిచేయవలసిందే గానీ, మధ్యలో ఆగదు. కాబట్టి చేయి అడ్డం వస్తే యంత్రాన్ని ఆపే లైట్ కర్టెన్ వంటి ఖరీదైన పరికరాలు బిగించినా, అటువంటి ప్రెస్ మీద ఉపయోగం ఉండదు. వేలు దూరనంత సందు మాత్రమే వదిలి డై చుట్టూ బిగించే స్థిరమైన గార్డు, పీసు అందించడానికి పట్టకారు, తీయడానికి అయస్కాంతపు కడ్డీ కావాలి. డై మార్చేటప్పుడు మెయిన్ స్విచ్ ఆపినంత మాత్రాన సరిపోదు. ఫ్లైవీల్ అనే బరువైన చక్రం ఆ తరువాత కూడా తిరుగుతూనే ఉంటుంది కనుక అది పూర్తిగా ఆగేవరకు వేచి ఉండి, స్విచ్‌కు తాళం వేసి, ఆ తాళపుచెవిని పని చేసేవారే తమ జేబులో ఉంచుకోవాలి. ఇక నా అభిప్రాయం ఒకటి: గార్డు ఉన్నప్పుడు గంటకు ఎన్ని పీసులు వస్తాయో చూసి రేటు కట్టని చోట, ఎన్నిసార్లు తిరిగి బిగించినా గార్డు మళ్లీ గోడ దగ్గరికే చేరుతుంది.

ప్రశ్న: పరవాడ ఫార్మా సిటీలో కాంట్రాక్టు పనులు చూసే సూపర్‌వైజర్‌ని. వ్యర్థజలాల సంపులో బురద తీయడానికి దిగేవారందరికీ మాస్కులు ఇస్తున్నాం. అది చాలదా?

జవాబు: చాలదు. కార్ట్రిడ్జి మాస్కు గాలిని వడగడుతుందే తప్ప, లేని ఆక్సిజన్‌ను ఇవ్వలేదు. మామూలు గాలిలో ఆక్సిజన్ 20.9 శాతం ఉంటుంది, 19.5 శాతం కంటే తగ్గిన చోటికి మాస్కును నమ్ముకుని దిగకూడదు. పైగా బురద కదలగానే హైడ్రోజన్ సల్ఫైడ్ వెలువడవచ్చు. మొదట కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తుంది గానీ, 100 పీపీఎం (గాలిలో పది లక్షల వంతులకు 100 వంతులు) దరిదాపుల్లో ముక్కు మొద్దుబారిపోతుంది కనుక, వాసన ఆగిపోయిందంటే గ్యాస్ పోయిందని అర్థం కాదు. రియాక్టర్లలో నింపే నైట్రోజన్‌కు ఆ వాసన హెచ్చరిక కూడా లేదు.

దిగడానికి ముందు సంపులోకి వచ్చే పైపులన్నిటినీ బ్లైండ్ ప్లేట్లతో మూయించి, బ్లోయర్‌తో గాలి ఆడించి, గ్యాస్ మీటరు గొట్టాన్ని పై నుంచే వదిలి పైన, మధ్యన, అడుగున మూడు చోట్లా కొలిపించాలి. పని సాగుతున్నంతసేపూ కొలుస్తూనే ఉండాలి. 1948 నాటి కర్మాగారాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం, లోపల ప్రమాదకర వాయువులు లేవని అర్హత గల వ్యక్తి రాతపూర్వకంగా ధ్రువీకరించాలి. లేదా దిగే వ్యక్తికి శ్వాస పరికరం, బెల్టు ఉండి, దానికి కట్టిన తాడు బయట నిలబడినవారి చేతిలో ఉండాలి. లోపలికి తీసుకువెళ్లే విద్యుత్ దీపం 24 వోల్టులు మించరాదని 36ఏ సెక్షన్ చెప్పింది. 2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ వచ్చినా ఈ జాగ్రత్తల అవసరం మారలేదు.

అన్నిటికంటే ముఖ్యమైనది పైన నిలబడే మనిషి శిక్షణ. ఇటువంటి చోట్ల మరణించినవారిలో 60 శాతానికి పైగా రక్షించబోయి దిగినవారేనని అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ నియాష్ 1986లోనే హెచ్చరించింది. లోపలి మనిషి కుప్పకూలితే పైన ఉన్నవారు దిగకూడదు. తాడుతో, ట్రైపాడ్‌కు (మూడు కాళ్ల స్టాండుకు) బిగించిన వించితో పైకి లాగాలి, సహాయం కోసం కేక వేయాలి. ఈ మాట ఆ క్షణంలో చెబితే ఎవరూ వినరు కాబట్టి ముందే సాధన చేయించండి.

ప్రశ్న: మా గోదాములో దొంగతనాల భయంతో అత్యవసర ద్వారానికి తాళం వేస్తున్నారు. ఎవరికి చెప్పాలి?

జవాబు: లోపల మనుషులు ఉన్నంతసేపూ ఆ ద్వారానికి తాళం ఉండకూడదు. లోపలి నుంచి నొక్కితే తెరుచుకునే పానిక్ బార్, తెరవగానే మోగే అలారం బిగిస్తే దొంగల బెడదకూ సమాధానం దొరుకుతుంది. ముందుగా యాజమాన్యానికి రాసి ఇచ్చి, దాని నకలు మీ దగ్గర ఉంచుకోండి. ప్రాణాపాయం పొంచి ఉందని భావించిన ఉద్యోగి యజమానికి తెలియజేస్తూనే, అదే సమయంలో ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ (ప్రభుత్వ తనిఖీ అధికారి) దృష్టికి కూడా తీసుకువెళ్లవచ్చునని 2020 నాటి వృత్తి భద్రతా కోడ్ 14వ సెక్షన్ చెబుతోంది. అపాయం లేదని యజమాని భావిస్తే విషయాన్ని ఆ ఇన్‌స్పెక్టర్‌కే నివేదించాలి. తుది నిర్ణయం ఆయనదే.