మెహర్ బంగారం తాకట్టు పెట్టి పెట్టుబడా?

ప్రశ్న: నా వయసు 33. ప్రైవేటు ఉద్యోగం. నెలకు 62 వేలు చేతికొస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, పర్సనల్ లోన్ ఈఎంఐ 11,500 అన్నీ కలిపి 48 వేలు అవుతుంది. భార్య గృహిణి. నాలుగేళ్ల పాప ఉంది. నిఖా (పెళ్లి) సమయంలో మెహర్‌గా, అంటే భర్త భార్యకు ఇవ్వాల్సిన సొమ్ముగా, ఐదు తులాల బంగారం ఇచ్చాం. ఇంకో నాలుగు లక్షలు ఉధార్ (తర్వాత ఇవ్వాల్సిన బాకీ) అని నిఖానామాలో (పెళ్లి పత్రంలో) రాశారు. నా ఆస్తులు: పీఎఫ్ 2.6 లక్షలు, బైక్ 50 వేలు, బ్యాంకులో 22 వేలు, బంగారం సుమారు 5 లక్షలు. అప్పు 3.4 లక్షలు. ఒక స్నేహితుడు పాత కార్ల వ్యాపారంలో 3 లక్షలు పెడితే నెలకు 4 శాతం లాభం ఇస్తానంటున్నాడు. వడ్డీ తినకూడదని ఎఫ్‌డీలు చేయలేదు. గోల్డ్ లోన్ తీసుకోవాలా, పర్సనల్ లోన్ మీద టాపప్ (అదనపు అప్పు) తీసుకోవాలా? ఏది చవక? నా భార్యను అడిగితే ‘మీ ఇష్టం’ అంది.

జవాబు: రెండూ వద్దు. ఏది చవక అనేది తర్వాత సంగతి. మీరు వేసిన లెక్కే తప్పు. ఇదే తప్పుతో నాకు చాలా ఉత్తరాలు వస్తుంటాయి కాబట్టి మీకు కాస్త వివరంగా జవాబు రాస్తున్నాను.

మీ లెక్క ప్రకారం ఆస్తులు 8.32 లక్షలు, అప్పు 3.4 లక్షలు. అంటే దాదాపు 5 లక్షలు మిగులు ఉందనుకుంటున్నారు. కానీ ఆ ఐదు తులాలు మీవి కావు. నిఖా రోజున మీ భార్య చేతికి ఇచ్చినప్పుడే అవి ఆమె సొత్తు అయ్యాయి. ఉధార్ అని రాసిన నాలుగు లక్షలు మీ అప్పు. అప్పుల జాబితాలో అది ఎక్కడా లేదు. సరిచేసి చూస్తే ఆస్తులు 3.32 లక్షలు, అప్పులు 7.4 లక్షలు. మీరు 4 లక్షలకు పైగా లోటులో ఉన్నారు. ఈ స్థితిలో ఇంకో 3 లక్షలు అప్పు చేసి వ్యాపారంలో పెడతానంటే ఏ సలహాదారూ ఒప్పుకోకూడదు.

‘ఉధార్ మెహర్ ఎవరు అడుగుతారులే’ అని చాలామంది అనుకుంటారు. నిజమే, బ్యాంకు పంపినట్టు దానికి ఎస్ఎంఎస్ రాదు, ఈఎంఐ కట్ అవదు. అయినా అది అప్పే. ఖురాన్ నాలుగో సూరా (అధ్యాయం)లో నాలుగో ఆయత్ (వాక్యం) మహిళలకు వారి మెహర్ మనస్ఫూర్తిగా ఇవ్వమంటుంది. ఇరవయ్యో ఆయత్ రాశుల కొద్దీ ఇచ్చి ఉన్నా అందులోంచి ఏమీ వెనక్కి తీసుకోవద్దంటుంది. మన కోర్టులు కూడా మెహర్‌ను భర్త బాకీగానే చూస్తాయి. భర్త చనిపోతే అంత్యక్రియల ఖర్చు పోగా ముందు అప్పులు తీర్చాలి, మెహర్‌తో సహా. ఆ తర్వాతే వీలునామా, వారసుల వాటాలు. పిల్లలున్న భార్యకు వారసత్వంగా వచ్చే ఎనిమిదో వంతు వేరు, మెహర్ వేరు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. మెహర్ తాకట్టు లేని అప్పు. ఆస్తి మీద తాకట్టు ఉన్న బ్యాంకు ముందు వసూలు చేసుకుంటుంది. మీ భార్య మిగతా అప్పులవాళ్లతో కలిసి మిగిలినదాని కోసం చూడాలి. మీరు చేసే ప్రతి కొత్త అప్పుతో ఆమెకు దక్కేది తగ్గుతుంది.

‘మీ ఇష్టం’ అనే మాటను మీరు అంగీకారం కింద రాసుకున్నారు. నేను అలా తీసుకోను. సొంత ఆదాయం లేని ఇల్లాలు, భర్త స్నేహితుడి విషయంలో వద్దని ఎలా అంటుంది? భర్త జనాజా (శవయాత్ర) లేవబోతుండగా భార్యను పక్కకు పిలిచి ‘మెహర్ మాఫ్ చేశానని చెప్పమ్మా’ అనిపించే అలవాటు మీరూ చూసే ఉంటారు. చుట్టూ బంధువులు, ఎదురుగా శవం. ఆ క్షణంలో ఏ ఆడమనిషీ కాదనలేదు. అలాంటి దుఃఖంలో పలికించిన మాఫీ చెల్లదని కోర్టు తీర్పులున్నాయి. మాఫీ అయినా, వాడుకోవడానికి ఇవ్వడమైనా ఆమె ఒత్తిడి లేకుండా తనంతట తాను చెప్పాలి. ఇంకోటి, బంగారం మీ పేరున తాకట్టు పెట్టేటప్పుడు ఈ నగలు నావే అని డిక్లరేషన్ మీద సంతకం అడుగుతారు. మీరు దాని మీద ఎలా సంతకం పెడతారు?

స్నేహితుడి ఆఫర్ గురించి ఎక్కువ రాయను. నెలకు 4 శాతం అంటే ఏడాదికి 48 శాతం. నిజంగా అంత మిగిలే వ్యాపారమైతే అతను అంతకంటే చవగ్గా అప్పు తెచ్చుకోవచ్చు, మీ దగ్గరికి రానక్కర్లేదు. లాభంలో వాటా అయితే లాభం వచ్చిన నెలే ఉంటుంది. పెట్టిన సొమ్ము మీద నెలనెలా ఇంత అని ముందే ఖాయం చేస్తే అది వడ్డీయే, పేరేదైనా. వడ్డీ వద్దని ఎఫ్‌డీ మానేసిన మీరు, వడ్డీకి అప్పు తెచ్చి ఇలాంటి దాంట్లో పెట్టడం ఏమిటి? హలాల్ (మతం అనుమతించే) పెట్టుబడి పేరుతో హైదరాబాద్‌లో, బెంగళూరులో వసూలు చేసిన సంస్థలు 2018, 2019లలో కుప్పకూలితే వేల కుటుంబాలు రోడ్డున పడ్డాయి. అందులో ఆడవాళ్ల నగలు అమ్మి పెట్టిన డబ్బు కూడా ఉంది.

ఇక నన్ను అన్నింటికంటే భయపెట్టిన అంకె మీ బ్యాంకు బ్యాలెన్స్. 22 వేలు. మీ ఇంటికి పదిహేను రోజుల ఖర్చు కూడా కాదు. పాపకు జ్వరం ముదిరి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చినా, మీ ఉద్యోగం పోయినా ఇంట్లోంచి ముందుగా బయటికి వచ్చేది ఏది? ఆ ఐదు తులాలే. ‘రెండు నెలల్లో విడిపిస్తాను’ అని తీసుకెళ్తారు. వడ్డీ పెరుగుతుంది, వేలం నోటీసు వస్తుంది. అత్యవసర నిధి లేని ఇంట్లో భార్య మెహరే అత్యవసర నిధి అయిపోతుంది. పొలానికి కంచె ఎంత అవసరమో మెహర్‌కు ఈ నిధి అంత అవసరం. అందుకే మీకు నేను ముందు మెహర్ తీర్చమని కూడా చెప్పడం లేదు, నిధి కట్టమంటున్నాను.

ఆరు నెలల ఖర్చు, ఈఎంఐతో కలిపి, 2.88 లక్షలు. నెలకు మీకు 14 వేలు మిగులుతోంది. అందులో 12 వేలు ఈ నిధికి, 2 వేలు మెహర్‌కు. చేతిలో ఉన్న 22 వేలతో కలిపి 23 నెలల్లో నిధి పూర్తవుతుంది. జీతం ఖాతాలో కాకుండా వేరే ఖాతాలో ఉంచండి, దాని కార్డు జేబులో పెట్టుకోకండి. సేవింగ్స్ ఖాతాలో పడే వడ్డీ వద్దనుకునేవాళ్లు చాలామంది ఆ మేరకు లెక్కగట్టి, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చేస్తుంటారు. మీరూ అలా చేయొచ్చు. వడ్డీ సాకుతో నిధి మాత్రం మానకండి. బోనస్ వచ్చినా, ఈద్‌కు ఎవరైనా డబ్బు ఇచ్చినా ముందు దీనికే.

మెహర్‌కు నెలకు 2 వేలేనా అని మీకు అనిపించవచ్చు. మొదలుపెట్టడం ముఖ్యం. ఆమె ఒక్కరి పేరు మీద ఖాతా తెరవండి. జాయింట్ ఖాతా వద్దు. చేతికి కాకుండా బ్యాంకు ద్వారా పంపండి, రిమార్క్స్‌లో ‘మెహర్’ అని రాయండి. ఏడాదికోసారి ఇప్పటిదాకా ఎంత ముట్టిందో కాగితం మీద రాసి, ఆమె సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకుని నిఖానామాతో పాటు దాచండి. లేకపోతే రేపు ఇచ్చిందేదో, ఇంటి ఖర్చుకు పంపిందేదో ఎవరికీ తెలియదు. ఆమెకు కూడా ఒక విషయం చెప్పండి: ఉధార్ మెహర్ కోసం కోర్టుకు వెళ్లాల్సి వస్తే విడాకులైన లేదా భర్త పోయిన మూడేళ్లలోపే వెళ్లాలి.

టర్మ్ పాలసీ తీసుకోవాలా వద్దా అనేది మీరు నమ్మే ఆలిమ్‌ను (మత పండితుడిని) అడిగి నిర్ణయించుకోండి. తీసుకుంటే 1874 నాటి వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకోండి, ఆ డబ్బు అప్పులవాళ్లకు పోకుండా భార్యాబిడ్డలకే అందుతుంది. షరియా సూచీ ఫండ్ల (ఇస్లామిక్ నియమాలకు సరిపడే కంపెనీల షేర్లలో పెట్టే ఫండ్ల) ఊసు నిధి నిండాక ఎత్తుదాం.

పెళ్లి సంబంధాలు చూస్తున్న తల్లిదండ్రులకు కూడా ఒక మాట. నలుగురిలో గొప్పగా వినపడాలని ఖాజీ గారి ముందు పెద్ద అంకె చెప్పి, దాన్ని జీవితాంతం ఉధార్‌లో ఉంచకండి. అబ్బాయి రెండు మూడేళ్లలో నిజంగా తీర్చగలిగే మొత్తం రాయించండి. వీలైతే రూపాయల్లో కాకుండా బంగారం గ్రాముల్లో రాయించండి. ముప్పై ఏళ్ల తర్వాత ఈనాటి నాలుగు లక్షలకు ఏం వస్తుందో ఆలోచించండి.

మీ విషయానికొస్తే, పర్సనల్ లోన్ ఈఎంఐ ఇప్పటిలాగే నడవనివ్వండి, టాపప్ కోసం ఎవరు ఫోన్ చేసినా పెట్టేయండి. నిధి నిండిన నెల నుంచి ఆ 14 వేలు మొత్తం మెహర్ ఖాతాకు మళ్లించండి. అప్పటికే 46 వేలు ముట్టి ఉంటుంది కాబట్టి మిగతాది 26 నెలల్లో తీరుతుంది. అంటే ఇవాళ్టి నుంచి నాలుగేళ్లు దాటి ఒక నెల. ఆ మధ్యలో నిధిలోంచి ఎప్పుడైనా తీయాల్సి వస్తే, ముందు దాన్ని మళ్లీ నింపి, తర్వాతే మిగతావి చూడండి.